డిలీట్ కొట్టినా పోని ఫైలు

2003లో ఆఫీసులో అందరం వాడే విండోస్ 98 మెషీన్‌లో నేను దొంగచాటుగా ఉద్యోగాల సైట్లు చూసేవాణ్ణి. వెళ్లేముందు హిస్టరీ, టెంపరరీ ఫైళ్లు డిలీట్ కొట్టి హమ్మయ్య అనుకునేవాణ్ణి. ఓ రోజు సిస్టమ్ అడ్మిన్ "ఏం గురూ, జంప్ ఎప్పుడు?" అన్నాడు. ఇండెక్స్.డాట్ అనే ఫైలు తెరిచి చూపించాడు. నేను చూసిన అడ్రసులన్నీ వరసగా ఉన్నాయి!

దీని వెనక కథ ఇదీ. 1997లో ఐఈ 4తో మైక్రోసాఫ్ట్ బ్రౌజర్‌ని డెస్క్‌టాప్‌కి ముడేసింది, 1998లో ఏకంగా విండోస్‌లో కలిపేసింది. దాంతో బ్రౌజర్ మూసేసినా విండోస్ ఆ ఫైలుని వదిలేది కాదు. డిలీట్ కొడితే 'వాడకంలో ఉంది' అనేది. హిస్టరీ తుడిస్తే ఎంట్రీలకి 'ఖాళీ' అని గుర్తు పడేదంతే, అక్షరాలు అక్కడే ఉండేవి. 98లో అయితే డాస్‌లోకి వెళ్లి లేపేసేవాళ్లం. 2012లో ఐఈ 10 ఈ ఫైలు బదులు డేటాబేసు తెచ్చింది. 2022 జూన్‌లో ఐఈకే సెలవిచ్చారు.

నిఘా కోసం కాదు, పేజీలు త్వరగా రావాలని పెట్టిన ఫైలే అది. తుడవాలనుకునేవాడి సంగతి ఎవరికీ పట్టలేదు, అంతే. ఇంతా చెప్పి, ఇవాళ నేను రాసే కోడ్ మాత్రం? యూజర్ డిలీట్ నొక్కితే ఓ కాలమ్‌లో 1 వేసి చేతులు దులుపుకుంటున్నా. మరి మీరో?