పాత చిన్న కారులో డాష్‌బోర్డు మార్పిడి: తెలుసుకోవలసిన విషయాలు

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుండి పనికి వచ్చినవారి వారసులు వీరిలో అనేకులు. రైల్వే కర్మాగారంతో పాటు, పట్టణ శివార్లలోని విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ కూడా నేడు ఉపాధి కేంద్రంగా ఉంది. భారీ తవ్వక యంత్రాలను తయారు చేసే టాటా హిటాచీ కర్మాగారం అక్కడే ఉంది. ఇటువంటి చోట్ల పగలంతా ఆరుబయట నిలిచే పాత చిన్న కార్లలో ముందుగా దెబ్బతినే భాగాలలో డాష్‌బోర్డు ఒకటి.

గుర్రపు బండ్ల కాలంలో గిట్టలు ఎగజిమ్మే బురద బండివాని మీద పడకుండా ముందు అమర్చిన పలకకు డాష్‌బోర్డు అని పేరు. కార్లు వచ్చాక ఆ పలక మీటర్లకు, మీటలకు, తీగలకు నెలవైంది. అందుచేత పగిలిన బోర్డును మార్చేటప్పుడు దాని అందం కంటే దాని వెనుక ఉన్న మూడింటిని గమనించాలి. అవి విద్యుత్ తీగలు, ఎయిర్‌బ్యాగ్, కిలోమీటర్ల లెక్క.

ఎందుకు పగులుతుంది?

డాష్‌బోర్డు ముందు అద్దం కిందనే ఉంటుంది కనుక ఎండ నేరుగా దాని మీద పడుతుంది. అమెరికాలోని అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, ఉష్ణోగ్రత సుమారు 38 డిగ్రీల సెల్సియస్ దాటిన రోజుల్లో గంటసేపు ఎండలో నిలిపిన కార్లలో డాష్‌బోర్డు సగటున 69 డిగ్రీలకు చేరింది. ఈ వేడికి, అతినీలలోహిత కిరణాలకు ప్లాస్టిక్‌లోని మెత్తదనం క్రమంగా పోతుంది. పగలు వ్యాకోచించి రాత్రి సంకోచించే క్రమంలో స్క్రూ రంధ్రాల వద్ద, గాలి వచ్చే జాలీల మూలల్లో పగుళ్లు మొదలవుతాయి.

మార్చాలా, బాగు చేయించాలా?

పగులు పైపొరకే పరిమితమైతే పూత వేయించడం, తొడుగు వేయించడం చాలు. బిగించే చోట్లు విరిగి బోర్డు ఊగుతున్నా, మీటరు కదులుతున్నా, బోర్డు వెనుక నుండి కాలిన వాసన వస్తున్నా విప్పి చూడక తప్పదు. ప్రయాణికుని వైపు ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారులో దాని మూత మీద తొడుగు గానీ, జిగురు గానీ ఉండరాదు. ప్రమాద సమయంలో మూత తెరుచుకోవడానికి అవి అడ్డుపడతాయి.

ఖర్చు చేసే ముందు బండి రిజిస్ట్రేషన్ గడువును కూడా చూసుకోవాలి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆపై ఐదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. 15 ఏళ్లు దాటిన కారుకు ఈ రుసుమును 2022 ఏప్రిల్ 1 నుండి 600 రూపాయల నుండి 5,000 రూపాయలకు పెంచారు. బండి అడుగుభాగం తుప్పు పట్టి తనిఖీలో నిలిచేలా లేకపోతే కొత్త డాష్‌బోర్డు మీద పెట్టే సొమ్ము వృథా.

బోర్డు ఎక్కడ దొరుకుతుంది?

మారుతి 800ను ఉదాహరణగా తీసుకోవచ్చు. తొలి కారు తాళాలను 1983 డిసెంబర్ 14న నాటి ప్రధాని ఇందిరా గాంధీ అందజేశారు. 2014 జనవరిలో ఆ కారు ఉత్పత్తి ఆగిపోయింది. ఇటువంటి కార్లకు పాత భాగాల బజారే ప్రధాన ఆధారం. ఖరగ్‌పూర్ వాసులకు అందుబాటులో ఉన్నది కోల్‌కతాలోని మల్లిక్ బజార్. పేరు ఒకటే అయినా మారుతి 800 రూపం 1986లోనే మారిపోయింది. కాబట్టి మోడల్ పేరుతో పాటు తయారీ సంవత్సరం, ఏసీ ఉన్నదీ లేనిదీ సరిచూసుకుని కొనాలి.

పాత బోర్డు కొనవచ్చు గాని, పాత ఎయిర్‌బ్యాగ్ కొనరాదు. జపాన్‌కు చెందిన తకాతా సంస్థ ఎయిర్‌బ్యాగ్‌లలో వాడిన అమ్మోనియం నైట్రేట్ దీర్ఘకాలం వేడికి, తేమకు గురై దెబ్బతిన్నది. ఫలితంగా అవి విచ్చుకునేటప్పుడు లోహపు ముక్కలు ఎగిరి ప్రాణాలు పోయాయి. ప్రపంచమంతటా కోట్ల వాహనాలను వెనక్కి పిలిపించవలసి వచ్చింది. విడదీసి అమ్మే ఎయిర్‌బ్యాగ్ ఏ వాతావరణంలో గడిపిందో చూపుకు తెలియదు.

విప్పే క్రమం

మొదట బ్యాటరీ నెగటివ్ తీగను తీసివేయాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారులో ఆ తర్వాత తయారీదారు సూచించినంత సమయం ఆగాలి. ఆ పనిని శిక్షణ పొందిన మెకానిక్‌కే అప్పగించడం క్షేమం. ప్రతి దశను ఫోన్‌లో ఫోటో తీసి, ప్రతి ప్లగ్గుకు కాగితపు టేపుతో గుర్తు పెట్టాలి. స్టీరింగ్ చక్రం తీసే ముందు దాని కడ్డీ మీద గుర్తు గీసుకుంటే బిగించేటప్పుడు వంకర రాదు. పాత చిన్న కార్లలో స్పీడోమీటరును గేర్‌బాక్స్ నుండి వచ్చే కేబుల్ తిప్పుతుంది. దానిని విడదీశాకే మీటరును బయటకు లాగాలి. బోర్డు కదలకపోతే బలవంతం చేయరాదు. అద్దం అంచున, పక్క స్తంభాల దగ్గర, గ్లవ్ బాక్స్ వెనుక స్క్రూలు మిగిలి ఉంటాయి. ఏసీ గ్యాస్ గొట్టాలను విప్పరాదు.

బోర్డు తీసిన తరువాత వైరింగ్‌ను నిశితంగా పరీక్షించాలి. ఎలుకలు కొరికిన తీగలు, టేపు ఊడిన అతుకులు, ఫ్యూజు స్థానంలో చుట్టిన రాగి తీగ అగ్ని ప్రమాదాలకు దారి తీస్తాయి. నిర్దేశించిన ఆంపియర్ ఫ్యూజునే తిరిగి వేయాలి. కొత్త బోర్డును స్క్రూలు వేయకుండా ఒకసారి కూర్చోబెట్టి, ఎక్కడా తీగ నలగడం లేదని నిర్ధారించుకున్నాకే బిగించాలి.

కిలోమీటర్ల లెక్క

బోర్డుతో పాటు మీటరు కూడా మారితే బండి తిరిగిన దూరం తప్పుగా కనిపిస్తుంది. వీలైనంత వరకు పాత మీటరునే కొత్త బోర్డులో అమర్చాలి. అమెరికాలో 1972 నుండి ఓడోమీటర్ చట్టం ఉంది. మార్చిన మీటరులో పాత అంకె చూపడం సాధ్యం కాకపోతే దానిని సున్నాకు తెచ్చి, పాత అంకెను, మార్చిన తేదీని డ్రైవర్ వైపు తలుపు చట్రం మీద అతికించాలని అది నిర్దేశిస్తుంది. మన యజమానులు కూడా ఈ పద్ధతిని స్వచ్ఛందంగా పాటించవచ్చు. అంకె తగ్గితే నష్టపోయేది రేపు ఆ కారును కొనే కుటుంబమే. టైమింగ్ బెల్టు, బ్రేకులు ఎప్పుడు మార్చాలో ఆ అంకెను బట్టే తెలుస్తుంది.

కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం వేగాన్ని చూపే మీటరు తప్పనిసరి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు విరుద్ధమైన మార్పులను నిషేధిస్తుంది. అదే మోడల్ బోర్డు వేసినంత మాత్రాన ఆ వివరాలు మారవు.

చివరి పరీక్ష

తాళం తిప్పగానే ఆయిల్, బ్యాటరీ దీపాలు వెలగాలి. ఇంజిన్ మొదలవగానే ఆరిపోవాలి. ఎయిర్‌బ్యాగ్ దీపం కొద్ది క్షణాలు వెలిగి ఆరాలి. ఆరకపోయినా, అసలు వెలగకపోయినా లోపం ఉన్నట్లే. హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, వైపర్, హారన్, అద్దం మీదికి గాలి తోలే ఫ్యాను ఒక్కొక్కటిగా చూసుకోవాలి. స్టీరింగ్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి చూశాకే బండిని రోడ్డు మీదికి తీయాలి. మార్చిన భాగాలు, తేదీ, పాత మీటరు అంకె రాసిన బిల్లును మెకానిక్ నుండి తీసుకుని బండి కాగితాలతో కలిపి భద్రపరచుకోవాలి.