పొన్ను, పిడి, కామ

తెలుగు నేల మీద చేతికర్రకూ కత్తికీ ఉన్న చరిత్రను రాయబూనిన వారికి మొదట ఎదురయ్యే చిక్కు ఆధారాలది. రాయి చెడదు, ఇనుము తుప్పు పట్టినా కొంత మిగులుతుంది, కాని ఆ రెంటినీ మనిషి చేతికి అందించిన కర్ర మాత్రం చెదలకో, వానకో, పొయ్యికో బలై, తాను మోసిన పనిముట్టు కంటే ఎన్నో ఏళ్ల ముందే మాయమవుతుంది. బళ్లారి దగ్గరి సంగనకల్లు కొండల మీద నవీన శిలాయుగపు మనుషులు నల్లని డోలరైట్ రాతితో గొడ్డళ్లు చెక్కి నునుపు చేసిన చోటును గురించి 19వ శతాబ్దంలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వివరంగా నమోదు చేశాడు. ఆ గొడ్డళ్లు నేటికీ మ్యూజియాల్లో ఉన్నాయి. వాటికి వేసిన కర్రలు మట్టిలో కలిసిపోయాయి. కనుక ఈ చరిత్రలో సగాన్ని వస్తువుల నుంచి కాక మాటల నుంచి ఏరుకోవలసి వస్తుంది.

ఆ మాటలకు తెలుగులో కొదవ లేదు. గొడ్డలికి, పారకు బిగించే పొడవాటి కర్రను కామ అంటారు. కత్తికి, కొడవలికి గుప్పిట్లో ఇమిడేంత ఉండేది పిడి. పట్టుకోవడం అనే అర్థమున్న ఒకే ధాతువు నుంచి పిడి, పిడికిలి అనే రెండు మాటలూ పుట్టాయి కనుక, పిడి అన్నప్పుడు కర్రముక్క కంటే ముందు దాని చుట్టూ ముడుచుకునే చెయ్యే స్ఫురిస్తుంది. ఇక పొన్ను అనేది కర్ర కొనకు తొడిగే లోహపు కట్టు. రోకలి దెబ్బకు దెబ్బకు చీలిపోకుండా దాని అడుగున ఏ పొన్ను వేస్తారో, నేలకు తాటించి నడిచే కర్రకూ అదే వేస్తారు, అలాంటి కర్రే పొన్నుకర్ర. పొలంలో ఎడ్లను అదిలించే ముల్లుకర్ర కొనలో ఇనుప ముల్లు, గడ్డలు తవ్వే కోల కొనలో ఇనుప మొన ఉంటాయి. కర్రకు ఇనుమూ, ఇనుముకు కర్రా ఎక్కడ కలుస్తాయో అక్కడే పేరు పుట్టిందని, అతుకు లేని వట్టి కర్రను జనం కర్ర అనే ఊరుకున్నారని ఈ మాటల వరుసను చూస్తే అనిపిస్తుంది.

కర్రను ఎంచుకోవడంలో అడవి నేర్పిన జ్ఞానం ఒకటి, శాస్త్రం విధించిన నియమం మరొకటి. ఉపనయనంలో వటువు చేతికిచ్చే దండం గురించి మనుస్మృతి రెండో అధ్యాయం చెప్పే లక్షణాలు ఆసక్తికరమైనవి: అది వంకర లేకుండా, గాటు పడకుండా, బెరడుతో, నిప్పు తగలకుండా ఉండాలి, బ్రాహ్మణుడికి మారేడు లేదా మోదుగ, క్షత్రియుడికి మర్రి లేదా చండ్ర, వైశ్యుడికి పీలువు లేదా మేడి, ఎత్తు కూడా వరుసగా జుట్టు వరకు, నుదురు వరకు, ముక్కు వరకు. మనిషి ఒంటినే కొలబద్దగా తీసుకోవడం తెలివైన పద్ధతే గాని, ఆ కొలతలోనే వర్ణాల మెట్లను అమర్చి పెట్టడం కూడా ఎవరి కళ్లకైనా కనబడక మానదు. నడకకు, కాపలాకు, పశువులకు కర్ర కావలసిన వారు ఇందుకు పూర్తిగా విరుద్ధమైన దారి పట్టారు. పచ్చి వెదురును సెగ మీద కాచి, కణుపు దగ్గర వంపు తీసి, నూనె పట్టించి, పొయ్యి పొగ తగిలే అటక మీద నెలల తరబడి ఆరబెట్టడం వారి పని. నిప్పు తగలని కర్ర వారి లెక్కలో పుచ్చిపోయే కర్ర. వెదురులోనూ వారికి భేదం ఉంది. గుల్లగా, లావుగా ఎదిగే ముళ్ల వెదురు నిచ్చెనకు, పందిరికి పనికొస్తే, మెట్ట కొండల మీద సన్నగా, దాదాపు గట్టి కడ్డీలా పెరిగే సాధనపు వెదురు చేతికర్రకు నప్పుతుంది. అదే వెదురు తేమ నేలలో పెరిగితే గుల్లబారుతుంది, కాబట్టి మంచి కర్ర కావలసినవాడు చెట్టునే కాక అది నిలిచిన గట్టును కూడా చూసుకోవాలి. గొడ్డలి కామకు తిరుమాను వంటి సాగుడు గుణమున్న కలపను ఎంచేవారు. ఎంత గట్టిదైనా సాగని కర్ర దెబ్బను తాను మింగక చేతికే పంపుతుంది.

కాలినడకన కొండలెక్కడం తెలుగు దేశంలో విహారం కంటే ముందు యాత్ర. 14వ శతాబ్దంలో రెడ్డి రాజ్యాన్ని స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబలానికి మెట్లు కట్టించాడన్నది శాసనాల వల్ల తెలిసే విషయం. ఆ మెట్ల దారుల్లో, నల్లమల బాటల్లో నడిచిన యాత్రికులకు మోకాలికి ఊత, ముళ్లకంపకు అడ్డు, పాముకు బెదిరింపు మూడూ కర్రే. ఇప్పటికీ ఉగాదికి కన్నడ దేశం నుంచి మల్లన్న దర్శనానికి అడవి దారిన నడిచి వచ్చేవారిలో కర్రకాళ్లు కట్టుకుని వచ్చే భక్తులు కూడా ఉంటారు. అయితే ఆ నడకను రాసిపెట్టినవారు నడిచినవారు కారు. 1830 మే నెలలో మద్రాసు నుంచి బయలుదేరి శ్రీశైలం మీదుగా కాశీకి వెళ్లిన ఏనుగుల వీరాస్వామయ్య దారిలోని ఊళ్లను, ధరలను, నీటి వసతులను ఓపికగా నమోదు చేసి, కాశీయాత్ర చరిత్ర అనే అమూల్యమైన గ్రంథాన్ని మిగిల్చాడు. ఆయన మాత్రం పల్లకీలో వెళ్లాడు. ఆ అడవులే ఇల్లుగా బతికే చెంచుల జీవనాన్ని 1940 ప్రాంతంలో పరిశీలించి, 1943లో పుస్తకంగా వెలువరించిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్, వారి చేతిలో ఉండే కొద్దిపాటి సామగ్రిలో విల్లంబులు, గొడ్డలి, కత్తి, తవ్వుకోల ప్రధానమని చూపాడు. ఇనుము వారికి మైదానం నుంచి రావలసిందే. దానికి కర్ర వేసుకోవడం వారి చేతిలోని పని.

మైదానపు ఊళ్లలో ఆ పని పంపకం మరో రకంగా ఉండేది. ఊరి వృత్తుల వారికి పంటలో వాటా ఇచ్చే ఆయగాండ్ర పద్ధతిలో కమ్మరి, వడ్రంగి ఇద్దరూ భాగస్వాములు; కొడవలికి కక్కు కొట్టడానికీ, ఊడిన పిడి మళ్లీ వేయడానికీ రైతు అప్పటికప్పుడు డబ్బు ఇవ్వక, కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు వారి మేర వారికి ఇచ్చేవాడు. దానివల్ల పనిముట్టును పారేయడం కంటే బాగు చేయించడమే సహజమైంది. కొలిమి దగ్గరకు వెళ్లినవాడు ఊరికే కూర్చోడు, తిత్తి ఊదుతాడు, అవసరమైతే సమ్మెట అందుకుంటాడు. పక్కన తన వంతుకు కాచుకున్నవాడు పిడికి తెచ్చిన కర్రను చెక్కుతూ లోకాభిరామాయణం సాగిస్తాడు. పిడి వేసే పద్ధతులు ముఖ్యంగా మూడు. కత్తి వెనక సన్నగా సాగిన ఇనుప మొనను ఎర్రగా కాల్చి, కర్రలోకి దించితే, అది తనకు కావలసిన బెజ్జాన్ని తానే కాల్చుకుంటూ బిగుస్తుంది. వెడల్పు ఇనుమైతే దానికి ఇరువైపులా రెండు బద్దలు పెట్టి అడ్డంగా మేకులు కొట్టి అణుస్తారు. మూడోది లక్క పద్ధతి, ఖడ్గాలకు ఎక్కువగా వాడినది: బోలు పిడిని కరిగిన లక్కతో నింపి, కత్తి మొనను అందులో నిలిపితే, ఆరాక అది రాయిలా పట్టుకుంటుంది, మళ్లీ సెగ చూపితే వదులుతుంది. విప్పడానికి వీలుగా బిగించడమన్న ఈ యుక్తిలో పిడి మారుతుందని, ఇనుము ఉంటుందని ముందే ఒప్పుకున్న వివేకం ఉంది.

ఇనుము మారని చోట పేరూ దానికే దక్కింది. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ముద్దలు పర్షియా దాకా వెళ్లేవని, వాటి కోసం ఇస్ఫహాన్ వర్తకుడు ఒకరు స్వయంగా అక్కడికి వచ్చాడని, త్రికోణమితి సర్వేలో వైద్యుడిగా, భూగర్భ పరిశోధకుడిగా పనిచేసిన హెచ్. డబ్ల్యూ. వాయిసీ రాసిపెట్టాడు. ముద్దగా పోయిన ఉక్కుకు పిడి అక్కడెక్కడో పడింది. ఇందుకు భిన్నంగా హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో పిడే ముందు కనబడుతుంది. జహంగీరు బాకుకూ, నూర్జహాను పళ్లు కోసుకునే కత్తికీ పేరు తెచ్చింది పచ్చరాతి పనితనం. అదే మ్యూజియంలో చేతికర్రల సేకరణ కూడా ఉండడం, నడక కంటే హోదా కోసం కర్ర పట్టిన ఒక కాలానికి గుర్తు. ఆ మోజుకు సరుకు అందించిన ఊళ్లలో, 1936 దాకా మద్రాసు రాజధానిలో ఉండి తరవాత ఒరిస్సాకు చేరిన పర్లాకిమిడి ఒకటి. అక్కడి పనివారు గేదె కొమ్మును వేడితో మెత్తబరచి, వంచి, మెరుగుపెట్టి, పక్షి బొమ్మలతో పాటు చేతికర్రలు కూడా చేశారు.

కర్రా కత్తీ ఒకటే అయిపోయిన వస్తువు గుప్తి. చూపుకు ఊతకర్ర, లాగితే లోపల కత్తి. అందుకే ఆయుధ నిబంధనలు కత్తులను వర్గీకరించేటప్పుడు దీన్ని ప్రత్యేకంగా పేర్కొన్నాయి, 9 అంగుళాలు మించిన పొడవో 2 అంగుళాలు మించిన వెడల్పో గల అలుగులను నియంత్రిస్తూనే ఇంటి, సేద్యపు పనిముట్లను మినహాయించాయి. కర్ర మీద ఆంక్ష అంతకు ముందే మరో వైపు నుంచి వచ్చింది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవి గీతలు పడ్డాక, కామకు కర్ర నరుక్కోవడం అనుమతి అడగవలసిన పని అయింది. మేతకు కూడా పుల్లరి కట్టవలసి వచ్చిన పలనాడులో ఆ బాధ తిరుగుబాటు దాకా వెళ్లి, 1922లో దాని నాయకుడు కన్నెగంటి హనుమంతు ప్రాణం తీసింది.

ఇటీవలి దశాబ్దాల్లో అంగళ్లలో దొరికే గొడ్డళ్లకు, పారలకు కర్రకు బదులు ఇనుప గొట్టాన్నే వెల్డింగు చేసి ఇస్తున్నారు. అది విరగదు, ఊడదు, చెదలు పట్టదు. దెబ్బ అదురు మాత్రం నేరుగా మణికట్టుకు వస్తుంది. అందుకని కొన్నవారు పాత సైకిలు ట్యూబును చీల్చి, చెయ్యి పడే చోట బిగువుగా చుట్టుకుంటున్నారు.