పొయ్యిని ఎవరు ఎంచుకున్నరు? నల్గొండ తండాల నుంచి పొగలేని పొయ్యి చరిత్ర

1953ల హైదరాబాద్‌ల ఒక ఇంజనీరు పొయ్యి మీద పుస్తకం రాసిండు. పేరు డాక్టర్ ఎస్.పి. రాజు, హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్‌కు డైరెక్టర్. అసొంటి ల్యాబ్‌ల ఉండేది ఆనకట్టల పని, కాలువల పని. అక్కడ కూర్చొని ఆడోళ్ళ వంటింటి పొగ గురించి ఆలోచించుడు ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. పుస్తకం ఇంగ్లీషుల ఉంది. లక్షలమందికి పొగలేని వంటిళ్ళు కావాలని దాని పేరుకు అర్థం. ఆయన తయారుచేసిన మట్టి పొయ్యికి ల్యాబ్ పేరులోని అక్షరాలతోనే 'హెచ్.ఈ.ఆర్.ఎల్. చుల్హా' అని పేరు పడ్డది.

పొయ్యి మీద చరిత్ర వ్యాసమా అని నవ్వేటోళ్ళు నవ్వండి. భూమి గురించి, రిజర్వేషన్ గురించి ఈ గ్రూపుల శానా రాసుకున్నం. కానీ మన యాడి దినాం నాలుగైదు గంటలు దేని ముందు కూర్చుంటదో దాని గురించి ఒక్క పోస్టు లేదు. ఇప్పుడు తండాలల్ల స్లాబు ఇండ్లు లేస్తున్నయి. ఇంటికి ఏ పొయ్యి పెట్టాలె, చలికాలం ముసలోళ్ళకు వెచ్చగుండాలె, చూడనీకె మంచిగుండాలె, రెండేండ్లకే కూలిపోవద్దు అని అడుగుతున్నరు. ఈ ప్రశ్నకు డెబ్బై ఏండ్లుగా సర్కార్లు, కంపెనీలు, ప్రొఫెసర్లు జవాబు చెప్తనే ఉన్నరు. ఆ జవాబులు ఎట్ల ఫెయిలైనయో తెలిస్తే మన ఎంపిక కొంచెం సులువైతది.

ముందు రాజు గారి పొయ్యి చూద్దాం. ముందర కట్టె పెట్టే నోరు ఒకటి. మంట లోపల సొరంగం లాంటి దారిల పోతూ ఒకటి వెనుక ఒకటి ఉన్న గిన్నెలకు తాకుతది. చివర పొగ గొట్టం. గాలిని తగ్గించనీకె, పెంచనీకె అడ్డం రేకు. దీనితో ఆడోళ్ళకు పొగ, మసి, ఉక్కపోత, కట్టె దుబారా, నిప్పంటుకునే భయం, ఈ ఐదింటి నుంచి విముక్తి అని ఆయన లెక్క. అంతకు ఆరేండ్ల ముందే, 1947ల, వార్ధాలోని మగన్‌వాడిల గ్రామ పరిశ్రమల సంఘం వాళ్ళు 'మగన్ చుల్హా' తెచ్చిండ్రు. దాని ఆలోచన కూడా ఇదే.

ఒక సంగతి మాత్రం ఈ పుస్తకాలల్ల అంతగా కనపడదు. ఒక మంటతోని రెండు గిన్నెలు కాగబెట్టుడు ల్యాబ్‌ల పుట్టిన ఉపాయం కాదు. మన దిక్కు కోడుపొయ్యి ఎప్పటి నుంచో ఉంది. పెద్ద పొయ్యి పక్కకు ఇంకో రంధ్రం, మధ్యల సందు. పెద్దదాని మీద అన్నం ఉడుకుతుంటే కోడుపొయ్యి మీద పప్పో, నీళ్ళో కాగుతయి. అంటే వృథాగా పోయే వేడిని పట్టుకునే తెలివి మన అవ్వలకు ఉండనే ఉండె. లేనిది గొట్టం ఒక్కటే. మరి గొట్టం ఎందుకు పెట్టుకోలేదు? తెలివి లేకనా?

గడ్డి కప్పు ఇంట్ల గొట్టం పెట్టాలంటే కప్పుకు బొక్క పెట్టాలె. ఆ బొక్కల నుంచి వానాకాలం నీళ్ళు కారుతయి, ఎండాకాలం నిప్పురవ్వ గడ్డికి అంటుకుంటది. ఐదు విముక్తులల్ల ఐదోది అక్కడ్నే పాయె. పైగా ఆ పొగకు ఇంట్ల పని ఉండె. వాసాలకు పురుగు పట్టకుండా, పైన వేలాడదీసిన మక్క కంకులు, విత్తనాలు చెడకుండా కాసేది అదే. ఊపిరికి పొగ శత్రువు, ఇంటికి కాపలాదారు. రెండూ నిజమే.

ఇక రొట్టె. నల్గొండ, పాలమూరు మెట్ట భూముల తిండి జొన్న. రొట్టెను పెనం మీద కాల్చినంక పొయ్యి ముందర ఎర్రటి నిప్పుల దగ్గర నిలబెట్టి పొంగిస్తరు. మూసిపెట్టిన పొయ్యిల నిప్పులు ముందరికి గుంజే జాగ లేదు. రంధ్రాలు ఒకే కొలతల ఉంటే పెద్ద పెనం కూర్చోదు, చిన్న గిన్నె లోపలికి జారుతది. పెండ్లికి, పండుగకు పెద్ద డేగిస ఎక్కించాలంటే ఆ పొయ్యి పనికే రాదు. నార్కట్‌పల్లి పక్కన చెరువుగట్టు జాతరల చూడండి. వచ్చినోళ్ళు మూడు రాళ్ళు పెట్టి వండుకుంటరు. ఏ సైజు గిన్నెకైనా రాళ్ళు జరిగితయి, పని అయినంక పొయ్యి మాయమైతది. ఇంత వంగే పొయ్యిని ఏ ఇంజనీరూ ఇంకా చేయలేదు.

ఇప్పుడు అసలు ముడి, చలి. మన దగ్గర చలి ఏముంది అంటరు పట్నం వాళ్ళు. డిసెంబర్, జనవరి రాత్రి గుట్టల పక్క తండాల పండుకొని చూడాలె. యూరప్ లెక్క మంచు పడదు నిజమే, కానీ గోడ సందుల నుంచి గాలి కొడుతుంటే కప్పుకున్న దుప్పటి ఏ మూలకూ ఆనదు. అందుకే ఇంటి బయట నెగడు, లోపల పొయ్యి పక్కన పడక. నల్లమల చెంచు పెంటలల్ల అయితే నిప్పు రాత్రంతా కావలి కాస్తది, చలికీ జంతువులకూ.

వంట పొయ్యికి, ఇల్లు వెచ్చబెట్టే పొయ్యికి ధర్మాలు వేరు. మంచి వంట పొయ్యి అంటే వేడి మొత్తం గిన్నెకే పోవాలె, గదిలకు రావద్దు. రాజు గారు ఉక్కపోత నుంచి విముక్తి అన్నది అదే. వెచ్చబెట్టే పొయ్యి దానికి ఉల్టా. వేడిని తనలో దాచుకొని మెల్లగా గదిలకు వదలాలె. చలి దేశాలల్ల అందుకే బరువైన పోత ఇనుప పొయ్యిలు, ఇటుక పొయ్యిలు కట్టుకున్నరు. ఉత్తర చైనాల 'కాంగ్' అని ఇటుక మంచం ఉంటది. వంట పొయ్యి పొగ ఆ మంచం లోపలి నుంచి పోయి గొట్టంల కలుస్తది, పైన మనుషులు పండుకుంటరు. 1980లల్ల చైనా సర్కారు పదేండ్లల్ల 12 కోట్లకు పైగా మెరుగు పొయ్యిలు పెట్టించింది. అమెరికాల బెంజమిన్ ఫ్రాంక్లిన్ అంతటోడు 1740లల్ల చేసిన పొయ్యి కూడా మొదట్ల పొగను సరిగ గుంజలేదు. తర్వాత వేరేటోళ్ళు దాని గొట్టం దారి మార్చినంకనే పని చేసింది. మనది మధ్య రకం దేశం. పది నెలలు వేడి వద్దు, రెండు నెలలు కావాలె. దీనికి తగ్గ పొయ్యి గురించి ఏ సర్కారు పథకమూ ఆలోచించినట్టు లేదు. బువ్వ ఉడుకుతదా, పొగ బయటికి పోతదా, ఈ రెండే చూసిండ్రు. మూసిన పొయ్యి పెట్టిన ఇంట్ల ముసలవ్వ చలికాలం రాంగనే బయట మూడు రాళ్ళు పేర్చుకుంటే ఆమెను వెనుకబడ్డది అన్నరు.

కట్టె ముచ్చట వేరే చరిత్ర, అయినా చెప్పకుంటే కుదరదు. నిజాం కాలంల కట్టె కూడా వెట్టిల భాగం. దొర గడికి, ఊరికొచ్చిన అధికారుల బసకు కట్టెలు కొట్టి మోయాల్సింది కింది కులాలోళ్ళు, పైసా లేకుండా. 1946ల నల్గొండల సాయుధ పోరాటం లేసినప్పుడు వెట్టి మీద కోపంల ఈ మోపుల బరువు కూడా ఉంది. అడవి చట్టాలు వచ్చినంక మన పశువుల మేత, మన కట్టె రెండూ నేరమైనయి. ఆదిలాబాద్‌ల కొమురం భీం పోరాడింది దీని మీదనే గదా. మెట్ట ఊర్లల్ల అడవే లేదు కాబట్టి పొలంల మిగిలిందే పొయ్యిల పడేది. నల్గొండ, మహబూబ్‌నగర్ ఆముదానికి పేరున్న జిల్లాలు, ఆముదపు కట్టె కాల్చుకున్నరు. పత్తి వచ్చినంక పత్తికట్టె. ఇక సర్కారు తుమ్మ. పేరులనే ఉంది అది ఎవరు తెచ్చిండ్రో.

ల్యాబ్‌లల్ల పొయ్యిని పరీక్షించేది ఒకే కొలతకు కోసి ఎండబెట్టిన కట్టెతోని. మన ఇంట్ల పత్తికట్టె పుల్లలు పుసుక్కున కాలిపోతయి, చేయి తీయకుండా ఎగదోస్తనే ఉండాలె. వానాకాలం తడి తుమ్మ మొద్దు, ఇంకో రోజు పిడకలు. నోరు చిన్నగున్న పొయ్యిల ఇవేవీ పట్టవు. కట్టెను కొట్టి చిన్నగ చేయాలంటే ఇంకో గంట పని, ఆ పని కూడా ఆమెదే. మనకు 'పొదుపు పొయ్యి' అని చెప్పినప్పుడు పొదుపైంది కట్టె, ఖర్చైంది ఆమె నడుము.

పొగ ఎంతుంటదో లెక్క కట్టింది ఆలస్యంగనే. కిర్క్ స్మిత్ అనే అమెరికన్ ప్రొఫెసర్ గుజరాత్ పల్లెలల్ల వంట చేసే ఆడోళ్ళు పీల్చే పొగను కొలిచి 1983ల ప్రకటించిండు. అదే సంవత్సరం చివర కేంద్రం జాతీయ మెరుగైన పొయ్యిల కార్యక్రమం మొదలుపెట్టింది. 2002ల ఆపేసేసరికి దేశమంతా సుమారు 3.5 కోట్ల పొయ్యిలు కట్టినట్టు లెక్క. కట్టిన లెక్క ఉంది. మూడో ఏడు ఎన్ని వాడుకల ఉన్నయో అడిగితే మాత్రం కథ మారుతది. అది మట్టి పొయ్యి, ఏటా అలకాలె, గొట్టంల మసి తీయాలె. కట్టిపోయిన మేస్త్రీ మళ్ళ రాడు. తర్వాత ఒడిశాల హన్నా, డఫ్లో, గ్రీన్‌స్టోన్ అనే ఆర్థికవేత్తలు ఇటువంటి గొట్టపు పొయ్యిల మీద నాలుగేండ్లు సర్వే చేసిండ్రు. మొదటి ఏడు వండేటోళ్ళకు పొగ తగ్గింది, తర్వాత ఆ లాభం మాయమైంది. సరిగ వాడలేదు, రిపేరు చేసుకోలేదు అని రాసిండ్రు. ఆ రిపేరు ఎవరు నేర్పాలె, గొట్టం ఏ ఊర్ల దొరుకుతది అని కూడా అడగాలె గదా.

మన రాష్ట్రం లెక్క ఒకటి గుర్తుపెట్టుకోండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల మూడు జిల్లాల 420 పల్లె ఇండ్లల్ల గాలిని కొలిచి 2004ల అచ్చేసిండ్రు. ఊపిరితిత్తుల లోపలి దాకా పోయే సన్న దుమ్ము రోజు సగటున గ్యాస్ వాడే ఇండ్లల్ల ఘనపు మీటరుకు 73 మైక్రోగ్రాములు ఉంటే, కట్టె, పిడక వాడే ఇండ్లల్ల 732 దాకా ఉంది. పదింతలు. వంటిల్లు ఎట్లుందో దాన్ని బట్టి కూడా ఈ లెక్క మారింది. అంటే పొయ్యి ఒక్కటే కాదు, అది ఏ గదిల ఉంది, గోడకు కిటికీ ఉందా అన్నది సగం సంగతి.

1999ల దీపం పథకంతోని మహిళా సంఘాలోళ్ళకు గ్యాస్ కనెక్షన్లు వచ్చినయి, 2016ల ఉజ్వల, 2024 ఫిబ్రవరిల మన రాష్ట్రంల 500 రూపాయల సిలిండర్. ఒక చిన్న లెక్క చేసిన. 14.2 కిలోల సిలిండర్ గిన్నెకు ఇచ్చే వేడి మూడు రాళ్ళ పొయ్యి ఇవ్వాలంటే ఎండు కట్టె 160 నుంచి 200 కిలోలు కావాలె. మోపు 20 కిలోలు అనుకుంటే ఎనిమిది, పది మోపులు. సిలిండర్ వద్దు అనేటోళ్ళు ముందు ఒక్క మోపు ఎత్తి చూడాలె. అయినా గ్యాస్ ఉన్న ఇంట్ల కూడా నీళ్ళ కాగు కింద, రొట్టె కింద, చలికాలం సాయంత్రం కట్టె మండుతనే ఉంటది. గ్యాస్ నిప్పు చుట్టూ నలుగురు కూర్చోరు. భోగ్ పెట్టాలన్నా కణకణలాడే నిప్పు కావాలె.

కంపెనీ పొయ్యిల కథ వేరే. 2006ల బి.పి. కంపెనీ బెంగళూరు ఐ.ఐ.ఎస్‌సి. సాయంతోని 'ఊర్జా' అని ఫ్యాను పొయ్యి తెచ్చింది. చూడనీకె మంచిగుంది, పొగ తక్కువ, నాలుగు లక్షల దాకా అమ్ముడుపోయింది. కానీ దాంట్ల వాళ్ళు అమ్మే గుళికలే వేయాలె. గుళికల రేటు పెరిగింది, పొయ్యి మూలకు పడ్డది. ఇప్పుడేమో కార్బన్ క్రెడిట్ల పేరుతోని మన దేశంల పల్లెలల్ల ఉచిత పొయ్యిలు పంచుతున్నరు. ఆధార్ కాపీ, ఫోటో, సంతకం తీసుకుంటరు. ఆ పొయ్యి వల్ల తగ్గిన పొగను ఎక్కడో ఒక కంపెనీకి అమ్ముకుంటరు. 2024ల 'నేచర్ సస్టైనబిలిటీ' పత్రికల వచ్చిన బర్కిలీ పరిశోధన, ఇసొంటి ప్రాజెక్టుల నమూనాల తగ్గినట్టు చూపెట్టింది అసలు తగ్గినదానికి సుమారు తొమ్మిది రెట్లు అని తేల్చింది. మన యాడి సంతకం ఎంతకు అమ్ముడుపోయిందో మనకు తెల్వది. కాగితం ఇంగ్లీషుల ఉంటే చదివి చెప్పాల్సింది మనమే, ఇంట్ల చదువుకున్నోళ్ళం మనమే గదా.

అందం సంగతి మరిచిపోలే. పొయ్యి అందంగుండాలె అన్నది కొత్త షోకు కాదు. ఎర్రమన్ను పూసి, సున్నంతో ముగ్గు గీసి, అంచులు వేలితో గుండ్రంగ దిద్దిన పొయ్యి చూసినోళ్ళకు తెలుసు. అలికినప్పుడే పగులు కనపడతది, అప్పుడే మెత్తుతరు. అందం, రిపేరు ఒకే పని. రేకు పొయ్యికి రంగు పోతే మళ్ళ పెట్టేటోడు ఉండడు.

కొత్త ఇంట్ల కట్టె పొయ్యి పెట్టాలనుకునే అక్కలకు నేను చెప్పేది ఇది. వంటకు గ్యాస్ ఉండనీయండి. కట్టె పొయ్యిని రొట్టెకు, నీళ్ళకు, చలికి అనుకొని వంటింటి బయట వసారల కట్టించండి. స్లాబు పోసేటప్పుడే గొట్టానికి జాగ విడిపించండి, తర్వాత పగులగొడితే ఉరుస్తది. గొట్టం కప్పు కంటే పైకి లేవాలె, పైన వాన టోపీ, కింద మసి తీసే మూత. నోరు పత్తికట్టె పట్టేంత. కింద బూడిద రాలే జాలి ఉంటే గాలి కింది నుంచి ఆడి మంట తెల్లగ వస్తది. చలికి వాడాలంటే గోడ మందం పెంచండి, ఆరినంక కూడా గంటసేపు వేడి పట్టుకుంటది. తలుపులు మూసిన గదిల కుంపటి పెట్టుకొని మాత్రం పండుకోవద్దు, బొగ్గు గాలి వాసన లేకుండనే ప్రాణం తీస్తది.

ఇంకో మాట. 1985 నుంచి 2000 మధ్య మీ తండాల సర్కారోళ్ళు కట్టిన పొగలేని పొయ్యి ఎవరింట్లనన్న ఉండెనా? ఎన్ని నెలలు వాడిండ్రు, ఎవరు కట్టిండ్రు, ఎందుకు తీసేసిండ్రు, ఆ గొట్టం తర్వాత దేనికి వాడుకున్నరు, మీ అవ్వను అడిగి కింద రాయండి. నల్గొండ, దేవరకొండ, అచ్చంపేట దిక్కోళ్ళు ముఖ్యంగ. సర్కారు దగ్గర కట్టిన పొయ్యిల లెక్కే ఉంది, కూలిన పొయ్యిల లెక్క మన అవ్వల దగ్గరనే ఉంది.