చేపు రాకపోతే తప్పెవరిది?

పాప పుట్టిన మూడో రోజు నుంచి నన్ను చూడ్డానికొచ్చిన ప్రతి మనిషీ మొదట అడిగిన మాట ఒక్కటే: "పాలు పడ్డాయా?" అమ్మ వెల్లుల్లి కారం, మెంతులు పెట్టింది. అత్తయ్య పాలసొర తెప్పించింది. పాప ఏడిస్తే చాలు, "చాలట్లేదేమో, డబ్బాపాలు పట్టండి" అన్నారు ఒకరు. "ఎప్పుడూ ఆ థీసిస్ గోలే, బిడ్డ మీద ధ్యాస ఉంటేగా పాలొచ్చేది!" అన్నారు ఇంకొకరు. ఆ చివరి మాట నన్ను చాలాకాలం వదల్లేదు. పాలు రాకపోతే తల్లి మనసును తప్పు పట్టే ఈ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చింది?

చాలా దూరం నుంచే వచ్చింది. బిడ్డను తాకినా, చూసినా, తలుచుకున్నా పాలు స్రవిస్తాయనీ, దానికి మూలం బిడ్డ మీది ఎడతెగని ప్రేమ అనీ సుశ్రుత సంహిత చెబుతుంది. పాడి ఉన్న ఇళ్లల్లో దీన్నే చేపు అంటారు. ఇది గొప్ప పరిశీలన. కానీ అదే గ్రంథం కోపం, శోకం, వాత్సల్యం లేకపోవడం వల్ల పాలు పోతాయని కూడా అంటుంది. పాలు తగ్గిన తల్లికి వాత్సల్యం లేదనడానికి ఇక ఎంతసేపు పడుతుంది? పరిశీలన తీర్పుగా మారేది అక్కడే.

ఆ తీర్పును తన ఒంటి మీదే పరీక్షించింది ఒక పాలిచ్చే తల్లి. అమెరికాలో నైల్స్ న్యూటన్, ఆమె భర్త డాక్టర్ మైఖేల్ న్యూటన్ 1948లో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. బిడ్డకు పాలిస్తున్న నైల్స్ కాళ్లు మంచునీళ్లలో పెట్టించారు. కాలివేళ్లు నొప్పి పుట్టేలా లాగారు. లెక్కలు అడిగి, తప్పు చెబితే కరెంటు షాకు ఇచ్చారు. ఏ ఆటంకమూ లేనప్పుడు బిడ్డ సగటున 168 గ్రాముల పాలు తాగింది. ఈ బాధల మధ్య తాగింది 99 గ్రాములే. అవే బాధలు పెడుతూ ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇస్తే 153 గ్రాములు తాగింది. అంటే పాలు రొమ్ములోనే ఉన్నాయి, చేపు రాలేదంతే. మంచునీళ్లలో కాళ్లు పెట్టినంత మాత్రాన ఆమెకు బిడ్డ మీద ప్రేమ తగ్గిందా? మారింది ప్రేమ కాదు, పరిస్థితి.

చేపు సంగతి అది. తయారీ సంగతి వేరు. రొమ్ము ఖాళీ అయినకొద్దీ పాలు తయారవుతాయి, నిండుగా ఉంటే తయారీ మందగిస్తుంది. అందుకే తొలి వారాల్లో రాత్రీ పగలూ కలిపి 8 నుంచి 12 సార్లు, బిడ్డ అడిగినప్పుడల్లా పట్టాలి. ఇరవయ్యో శతాబ్దపు వైద్యం సరిగ్గా దీనికి ఎదురు నడిచింది. 1907లో న్యూజీలాండ్‌లో ప్లంకెట్ సొసైటీని స్థాపించిన ట్రూబీ కింగ్ తల్లిపాలను గట్టిగా సమర్థించినవాడే. కానీ నాలుగ్గంటలకోసారే పట్టాలనీ, రాత్రుళ్లు అసలు వద్దనీ నేర్పాడు. గడియారం పాలను తగ్గించింది, తగ్గిన లోటును డబ్బా పూరించింది. తియ్యటి డబ్బాపాలతో పసిపిల్లలు చనిపోవడం చూసిన డాక్టర్ సిసిలీ విలియమ్స్ 1939లో సింగపూర్‌లో చేసిన ప్రసంగానికి "పాలు, హత్య" అని పేరు పెట్టింది. డబ్బాపాల ప్రచారానికి ప్రపంచ ఆరోగ్య సభ 1981లో హద్దులు గీసింది. మన దేశంలో చట్టం 1992లో వచ్చింది.

మరి మన పురిటిగది? ముర్రుపాలు పిండి పారబోయించిన గది కూడా అదే, కాబట్టి దాన్ని ఆకాశానికెత్తను. వెల్లుల్లి తిన్న తల్లి పాల వాసన మారుతుందనీ, పిల్లలు రొమ్మును ఎక్కువసేపు పట్టుకుంటారనీ 1991లో జూలీ మెనెల్లా బృందం చూపింది. పాలు ఎక్కువ తాగారని మాత్రం తేలలేదు. నా మట్టుకు నాకు పనిచేసింది కారం కన్నా, అది కలిపి తెచ్చి నాకు ఇంటి చాకిరీ తప్పించిన అమ్మ చేతులు. పాప రోజుకు ఆరు సార్లకు పైగా ఒంటికి పోస్తోందని, రెండు వారాలకు పుట్టినప్పటి బరువు దాటిందని తెలిశాక నా భయమూ తీరింది. థైరాయిడ్ లోపం వల్లో, మాయ ముక్క లోపల మిగిలిపోవడం వల్లో నిజంగానే పాలు తక్కువయ్యే తల్లులూ ఉంటారు. వాళ్లకు కావలసింది వైద్యం. డబ్బాపాలు పట్టాల్సి వచ్చిన తల్లికి కావలసింది మన తీర్పు కాదు.

1961 నాటి ప్రసూతి చట్టం ఉద్యోగినులకు బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా రోజుకు రెండు పాల విరామాలు ఇచ్చింది. మిరపకోతలకు వెళ్లే తల్లికి, ఇళ్లల్లో అంట్లు తోమే తల్లికి ఆ విరామం ఎవరిస్తారు? రొమ్ములు సలుపుతుంటే గోడ చాటుకెళ్లి పిండి పారబోసుకునే ఆమెకు మంచునీళ్ల ప్రయోగం రోజూ జరుగుతూనే ఉంటుంది.

గేదె చేపకపోతే దూడను విడుస్తాం, కొత్తవాళ్లను పక్కకు పొమ్మంటాం, తవుడు పెడతాం. దాని తల్లి ప్రేమను మాత్రం ఎవరూ శంకించరు. ఆ పాటి ఇంగితం ఆడవాళ్ల విషయంలో ఎందుకు కరువైంది?