డార్విన్ గీసిన గీత

మొన్న సెలవురోజున లండన్ శివార్లలోని డౌన్ హౌస్‌కి వెళ్ళాం. 1842 నుంచి 1882లో పోయేదాకా డార్విన్ బతికిన ఇల్లది. ఆయన రాసుకున్న గదిలో నిలబడితే మా ఊరి బడి గుర్తొచ్చింది. ప్రత్యుత్పత్తి పాఠం రాగానే మా సైన్సు మాస్టారు "ఇది మీరే చదువుకోండి" అని గబగబా పేజీలు తిప్పేశారు. ఆలోచిస్తే డార్విన్ కూడా దాదాపు అదే పని చేశాడు.

1871లో వచ్చిన ‘ది డిసెంట్ ఆఫ్ మాన్’లో ఆయన లైంగిక వరణాన్ని వివరంగా చర్చించాడు. దుప్పి కొమ్ములు, సింహం జూలు, నెమలి పింఛం అన్నీ ఉన్నాయి. మగవాటి పోటీ, ఆడవాటి ఎంపిక వీటిని మలిచాయన్నాడు. జననాంగాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం గీత గీశాడు. అవి ప్రాథమికం, తన చర్చ ద్వితీయ లక్షణాలకే అన్నాడు. అంటే జతకట్టడంతో పోటీ ముగిసినట్టే! ఇందులో ఆ కాలపు మొహమాటం కొంత, ఆడది ఒక్క మగవాడితోనే సరిపెట్టుకుంటుందన్న నమ్మకం కొంత ఉన్నాయని నా అనుమానం.

ఆ గీత చెరగడానికి వందేళ్ళు పట్టింది. కీటకాల్లో ఆడది ఒకటికి మించిన మగవాటితో కలిస్తే, వాటి పోటీ దాని ఒంట్లో శుక్రకణాల మధ్య కొనసాగుతుందని 1970లో జెఫ్రీ పార్కర్ రాశాడు. మరి క్షీరదాల్లో? 1981లో హార్కోర్ట్, హార్వే, లార్సన్, షార్ట్ అనే నలుగురు 33 ప్రైమేట్ జాతుల వృషణాల బరువుని ఒంటి బరువుతో పోల్చి ‘నేచర్’ పత్రికలో అచ్చువేశారు.

మగ గొరిల్లా దాదాపు 170 కిలోలుంటుంది. దాని వృషణాలు రెండూ కలిపి 30 గ్రాములే. 45 కిలోల చింపాంజీకి 120 గ్రాములు! గొరిల్లా తన బలంతో ఇతర మగవాటిని ముందే తరిమేస్తుంది. చింపాంజీల గుంపులో ఆడది చాలా మగవాటితో కలుస్తుంది కాబట్టి, ఎక్కువ శుక్రకణాలు ఇచ్చిన మగదానికి తండ్రయ్యే అవకాశం ఎక్కువ. 40 గ్రాములతో మనిషి గొరిల్లా వైపే ఉన్నాడు.

తిరుగు ప్రయాణంలో పదమూడేళ్ళ మా అమ్మాయికి ఇదంతా చెప్పాను. ‘వృషణాలు’ అన్న మాట ఇంట్లోవాళ్ళ ముందు పైకి అనడం నాకదే మొదటిసారి. తను నవ్వలేదు.

"అయితే నాన్నా, ఆడవి ఏం చేస్తున్నాయో చూడకపోవడం వల్లే మగవాటి సంగతి ఇన్నాళ్ళూ తెలియలేదన్నమాట" అంది.

అంతే మరి.