నూరు మైళ్ల గుర్రపు స్వారి

1892వ సంవత్సరము అక్టోబరు మాసమున జర్మనీ, ఆస్ట్రియా-హంగరీ దేశముల సైనికాధికారులు ఒక గొప్ప పందెమునకు పూనుకొనిరి. జర్మనులు బెర్లిన్ నుండి వియన్నాకును, ఆస్ట్రియనులు వియన్నా నుండి బెర్లిన్‌కును గుర్రములపై పోవలెను. దూరము సుమారు 580 కిలోమీటర్లు. ఆస్ట్రియా పక్షమున బయలుదేరిన స్టార్‌హెంబర్గ్ ప్రభువు 72 గంటలు నిండకముందే బెర్లిన్ చేరి ప్రథముడయ్యెను. ఆయనను మోసికొనిపోయిన 'ఆథోస్' అను గుర్రము ఆ వెనుక ఎంతోకాలము బ్రతుకలేదు. జర్మనులలో మొదట వచ్చిన రైట్జెన్‌స్టైన్ గుర్రమునకును అదే గతి పట్టెను. మొత్తముమీద ఆ పందెమున 20కి పైగా గుర్రములు ప్రాణములు విడిచెను. జంతుదయగలవారు గగ్గోలు పెట్టిరి. వారి ఆగ్రహము న్యాయమేయని మేము తలంచుచున్నాము. పంతము మనుష్యులది, మూల్యము నోరులేని జీవములది.

గుర్రము ఎంత దూరము పోగలదను ప్రశ్న మంచిదే. అయితే అంత దూరము పోయిన పిమ్మట ఆ గుర్రము ఏ స్థితిలో నున్నదో చూడనిచో, ఆ ప్రశ్నకు సమాధానము సగమే దొరకినట్లు. ఈ సత్యమును కొంతవరకు గుర్తించినది అమెరికా అశ్వసైన్యము. 1919లో ఆరంభమైన వారి పరీక్షలలో గుర్రములు దినమునకు 60 మైళ్ల చొప్పున అయిదు దినములలో 300 మైళ్లు నడువవలసి యుండెను. అందు వేగముతో పాటు గుర్రపు దేహస్థితికిని మార్కు లుండెను. ఆ మొదటి సంవత్సరమున 'రమ్లా' అను అరబ్బీ ఆడుగుర్రము గెలిచెను.

తరువాత మోటారు కార్లు వచ్చెను, సైన్యములు గుర్రములను విడిచెను. ఇప్పటి గుర్రములు ఒక్క దినమున నూరు మైళ్లు పోలేవను మాట కాలిఫోర్నియాలో వినవచ్చుచుండెను. ఆబర్న్ పట్టణమున కలప వర్తకము చేయు వెండెల్ రోబీ ఈ మాటను సహింపలేదు. 1955 ఆగస్టులో ఆయన 'బాండోస్' అను అరబ్బీ గుర్రము నెక్కి, కొలదిమంది మిత్రులతో టాహో సరస్సు తీరమునుండి బయలుదేరి, సియెర్రా నెవాడా పర్వతములను దాటి, 24 గంటలలోపల ఆబర్న్ చేరెను. పూర్వము బంగారము, వెండి గనులకై జనులు తిరిగిన బాట అది. 8,000 అడుగులకు మించిన కనుమ నెక్కి, ఎండ మండిపోవు లోయలలో దిగుచు, మరల నెక్కుచు, రాత్రివేళ వెన్నెలలో నదిని దాటవలెను. పున్నమి సమీపమున ఈ స్వారిని పెట్టుకొను ఆచారము ఇందువలననే కలిగినది. ఆనాటి సాహసమే టెవిస్ కప్ అను పేర ఏటేట జరుగుచున్నది. 1964 నుండి ముందుగా వచ్చిన మొదటి పది గుర్రములలో మిక్కిలి మంచి స్థితిలో నున్నదానికి హాగిన్ కప్ అను వేరు బహుమానమును ఇచ్చుచున్నారు. మాకు ఈ రెండవ బహుమానమే గొప్పదిగా తోచుచున్నది.

ఇట్టి స్వారికి మొదటిసారి గుర్రమును తీసికొనిపోవువానికి కష్టము స్వారినాడు కాదు, ఇల్లు విడిచిన క్షణమునుండియే మొదలగును. మోటారు వెనుక కట్టిన ట్రెయిలర్ బండిలో గుర్రము ఊరకే నిలుచున్నట్లు మనకు కనబడును. నిజమునకు మలుపు మలుపునకు, బ్రేకు బ్రేకునకు అది నాలుగు కాళ్లతో తన్ను తాను నిలువరించుకొనుచుండును. అది విశ్రాంతి కాదు, పని. తల ఎత్తుగా కట్టివేసినచో ఊపిరితిత్తులలోని దుమ్మును, శ్లేష్మమును బయటికి వదలుకొనలేక జ్వరము తెచ్చుకొనును. కావున దారిలో అప్పుడప్పుడు బండి నాపి, తల దించుకొననిచ్చి, నీరు చూపవలెను. కొన్ని గుర్రములు క్రొత్తచోటి నీటిని మూతితో తాకియు త్రాగవు. అనుభవము గలవారు ఇంటి నీటినే పీపాలలో పట్టుకొని పోవుదురు. దాహముతో బయలుదేరిన గుర్రమునకు ఇరువదవ మైలు వద్దనే లోటు బయటపడును. దూరపు స్వారికి ఒకటి రెండు దినములు ముందుగా చేరుట ఇందుకొరకే. క్రొత్తవారు మొదట 25, 30 మైళ్ల స్వారితో ఆరంభించి, 50కి, ఆపైన నూరునకు పోవుట మేలు.

స్వారికి ముందే పశువైద్యుడు ప్రతి గుర్రమును పరీక్షించును. నాడి చూచును, చిగుళ్ల రంగు చూచును, మెడచర్మమును పట్టి వదలి అది ఎంత త్వరగా సర్దుకొనునో గమనించును, కడుపుపై చెవి పెట్టి ప్రేగుల సవ్వడి వినును. పిమ్మట కుంటు నున్నదేమో తెలియుటకు పరుగెత్తించి చూచును. దారి పొడవునను ఇట్టి మజిలీలు కలవు. నాడి నిమిషమునకు 60 ప్రాంతమునకు దిగనిదే ముందుకు పోనీయరు. రౌతు ఎంత వేడుకొన్నను వైద్యుని మాటకు తిరుగు లేదు. ఆబర్న్ చేరిన వెనుక కూడ మరల పరీక్ష కలదు. అందు తప్పినచో నూరు మైళ్లు నడచినను పూర్తి చేసినట్లు లెక్క లేదు. బయలుదేరిన గుర్రములలో సాధారణముగా సగము, అంతకు కొంచె మధికము మాత్రమే చివరివరకు నెగ్గుచున్నవి.

1973లో గార్డీ ఎయిన్స్‌లీ అను యువకుని గుర్రము ఈ బాటలో కుంటుపడగా ఆయన మధ్యలోనే విరమించెను. మరుసటి యేడు గుర్రము లేకయే వచ్చి, తానే ఆ నూరు మైళ్లు పరుగెత్తి, 23 గంటల 42 నిమిషములలో ఆబర్న్ చేరెను. ఆ పరుగునుండియే నేడు ప్రఖ్యాతి గాంచిన నూరు మైళ్ల మానవుల పందెము పుట్టినది. అందును చాలకాలము మనుష్యులను మజిలీ మజిలీకి ఆపి, తూకము వేసి, బరువు మరీ తగ్గినవారిని నిలిపివేయుచుండిరి.