బారిడీహ్‌లో ఒక పాత యుద్ధపు లారీ

జంషెడ్‌పూరు నగరమునకు తూర్పు భాగమున బారిడీహ్ అను పేట కలదు. టెల్కో కాలనీ దానికి దాపుననే యున్నది. ఉక్కు కర్మాగారమున పనికై శ్రీకాకుళము, విశాఖపట్టణము సీమలనుండి తరలిపోయిన తెలుగు కుటుంబములు ఆ నగరమున తరతరములుగా నివసించుచున్నవి. మా పెదతండ్రిగారు అట్టివారిలో నొకరు. లారీ ఇంజనుల మరమ్మతులోనే ఉద్యోగకాలమంతయు గడపి, ఇప్పుడు బారిడీహ్‌లో విశ్రాంతి తీసికొనుచున్నారు. గత వేసవిలో వారిని చూడబోయినపుడు, పరిచయస్థు డొకరు కొనితెచ్చిన పాత మిలిటరీ లారీని వారు పరీక్షించుచుండిరి. చరిత్ర చదివి పట్టము పుచ్చుకొన్న నాకు, పుస్తకములలో ఎదురుకాని చరిత్ర ఆనాడు ఎదురైనది.

ఆ లారీ కెనడాలో పుట్టినది. రెండవ ప్రపంచయుద్ధమున ఆ దేశము 8 లక్షలకు పైగా సైనిక వాహనములను తయారుచేసెను. ఫోర్డు, షెవ్రొలే కంపెనీలు బ్రిటిషు సైన్యపు కొలతలకు నిర్మించిన ఈ మొద్దుముక్కు లారీలు ఆ వాహనములలో ప్రసిద్ధములు. జంషెడ్‌పూరునకు వీనితో దగ్గరి చుట్టరికమే కలదు. 1940 మొదలు 1944 వరకు కెనడా ఫోర్డు చట్రములపై టాటా ఉక్కు పలకలను కవచముగా బిగించి, మన రైల్వే కర్మాగారములు 4,600కు పైగా సాయుధ శకటములను సిద్ధపరచెను. సైనికులు వానిని ‘టాటానగర్’ అనియే పిలిచిరి. ఉత్తరాఫ్రికా ఇసుకలో మన పటాలములతో తిరిగినవి అవియే. 1945లో సింగ్‌భూమ్ రైల్వే వర్క్‌షాపు టాటాల చేతికి వచ్చి టెల్కో యయ్యెను; 1954లో డైమ్లర్-బెంజ్ వారి సహకారముతో అచట లారీల ఉత్పత్తి ఆరంభమయ్యెను. అనగా ఈ ఊరు స్వయముగా లారీని కనకముందే, పరదేశపు లారీకి ఉక్కు చొక్కా తొడిగినదన్నమాట.

ఇక ఆ బండి జబ్బు సంగతి. నాలుగైదు మైళ్లు చక్కగా పోయి, ఎండవేళ ఠక్కున ఆగిపోవును. అరగంట నీడన నిలిపినచో ఏమియు ఎరుగనట్లు తిరిగి బయలుదేరును. చూచినవారందరు పెట్రోలు పంపునే దోషిగా నిర్ణయించిరి. యజమాని రెండు పర్యాయములు పంపు మార్పించెను. జబ్బు మాత్రము పోలేదు.

పంపును శంకించుట నిర్హేతుకము కాదు. ఫోర్డు వారు 1932లో ప్రవేశపెట్టిన వి-8 ఇంజను వంశములోనిదే ఇదియు. 95 అశ్వశక్తి గలది. దీని వాల్వులు రెండు సిలిండరు వరుసల నడుమ నుండు లోయలో అమరియుండుటచే, కాలిన వాయువు నీటి అరల మధ్యగా బ్లాకును దాటి ఆవలి ప్రక్కకు పోవలెను. ఆ వేడియంతయు నీటికి ఎక్కును. ఏండ్ల త్రుప్పు ఆ అరలలో పేరుకొన్నచో చెప్పనక్కరలేదు. పెట్రోలు పంపు కార్బురేటరు వెనుక, ఇంజను నెత్తిమీదనే కలదు. పైగా ఈ లారీలలో ఇంజను డ్రైవరు ప్రక్కనే మూత క్రింద నుండుటచే గాలి ఆడదు. గొట్టములో పెట్రోలు ఆవిరియైనచో పంపు ద్రవమును లాగలేదు. ఒట్టి ఆవిరినే నములుచుండును. కెనడా చలికి బాధింపని ఈ ఏర్పాటు సింగ్‌భూమ్ ఎండకు కష్టమైనది. అట్టి సమయమున డ్రైవర్లు పంపుపై తడిగుడ్డ కప్పి కార్యము సాధించుచుండిరి.

అయితే పెదతండ్రిగారికి తడిగుడ్డతో తృప్తి కలుగలేదు. “నాయనా, బండి ఆగినప్పుడు చూడాలిగాని, చల్లబడ్డాక చూస్తే ఏం తెలుస్తుంది?” అనిరి. మిట్టమధ్యాహ్నము మమ్ములను వెంటబెట్టుకొని బయలుదేరిరి. బండి ఆగినదే తడవుగా మూత ఎత్తించి, ఒక ప్లగ్గు తీగను ఊడదీసి, దాని కొనను ఇంజను ఇనుమునకు కాలంగుళము దూరమున పట్టించి, ఇంజను త్రిప్పించిరి. నిప్పురవ్వ రాలేదు. కార్బురేటరులో చూడగా పెట్రోలు నిండుగా నున్నది! దోషము పంపుది కాదు, ఇగ్నిషను కాయిలుది. కాయిలు లోపలి సన్నని రాగితీగ వేడికి వ్యాకోచించి ఎచటనో తెగి విడిపోవుచున్నది. చల్లబడగనే మరల కలియుచున్నది. రెండు జబ్బులకును లక్షణము ఒక్కటే కావున, చల్లబడిన బండిని పరీక్షించినవారికి భేదము తెలియకపోయినది. (దగ్గరనున్నవానిపై నేరము మోపి రెండుమార్లు బదిలీ చేయుట ఇంజనుల లోకమునకే పరిమితము కాదని కార్యాలయోద్యోగులకు నేను వేరుగా చెప్పవలెనా?)

కాయిలు మార్చినచో సమస్య తీరును. కాని యజమాని మనస్సులో ఇంకొక ఆలోచన యున్నది. ఈ ఇంజనునే తీసివేసి, నేటి డీజిలు ఇంజను నమర్చినచో బాధ లేదుగదా? ఆయన పక్షమున న్యాయము లేకపోలేదు. డీజిలునకు కాయిలుగాని, ప్లగ్గులుగాని అక్కరలేదు. 1954లో టెల్కో లారీలును, 1959 నుండి జబల్పూరులో సైన్యమునకై తయారైన శక్తిమాన్ లారీలును డీజిలు మార్గమునే త్రొక్కినవి. మన దేశమున పాత యుద్ధపు బండ్లు ఎన్నియో ఇట్లే గుండె మార్పించుకొని బ్రతికినవి.

అయినను నా మనస్సు ఒప్పలేదు. సచివాలయములో జీర్ణించిన ఫైలునకు కొత్త అట్ట వేయుదుము. లోపలి కాగితములను మార్చము. ఈ బండి ఎందుకు వేడెక్కునో, ఆ వేడిలో మనవారు దానినెట్లు నడిపిరో తెలుపు సాక్ష్యము ఆ ఇంజనే. అది పోయినచో మిగులునది రంగు వేసిన రేకు. ఆ మాట యజమానితో అంటిని. “మీకేమండీ, త్రోయవలసినది నేను” అని ఆయన నవ్వెను. దానికి నా వద్ద సమాధానము లేకపోయినది.

మరునాడు క్రొత్త కాయిలు బిగించిరి. మిట్టమధ్యాహ్నమే బండి సువర్ణరేఖ ఒడ్డువరకు పోయి ఆగకుండ తిరిగివచ్చెను. యజమాని డీజిలు మాట ఇంకను విడువలేదని విన్నాను. పెదతండ్రిగారు మాత్రము చెడిన కాయిలును కాగితమున చుట్టి, దానిపై తేదీయు, ‘వేడికి తెగును’ అను రెండు మాటలును తెలుగున వ్రాసి, సీటు క్రింది పనిముట్ల పెట్టెలో ఉంచిరి.